తడిగా ఉంటే 7.2, ఎండితే 3.4: బాహుదా మొగ దగ్గర ఒక రొయ్యల చెరువు కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. బరంపురంలో మట్టి, నీళ్లు పరీక్ష చేసిపెట్టడం నా పని. ఋషికుల్య మొగ దగ్గర్నుంచి ఇటు ఇచ్ఛాపురం సరిహద్దు దాకా నాకు రైతులున్నారు, సగం మంది తెలుగువాళ్లు, మిగతావాళ్లతో ఒడియాలో మాట్లాడతాను. మూడేళ్ల క్రితం ఫాల్గుణంలో సోనాపురం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ మావయ్యా అనే పిలుస్తాను. యూరియా సంచిలో రెండు కిలోల నల్ల బురద తెచ్చి బల్ల మీద పెట్టి, "బాబూ, ఈ నేల్లో చెరువు తవ్వొచ్చా, ఓసారి సూడు" అన్నాడు.

చూశాను. తడి బురదలో మీటర్ పెడితే పీహెచ్ (ఏడు కన్నా ఎంత తగ్గితే అంత ఆమ్లం అని చెప్పే కొలత) 7.2. ఉప్పు బాగా ఎక్కువ, అయితే రొయ్యకి ఉప్పునీళ్లే కదా. బంక మట్టి, నీళ్లు ఇంకవు. ఇంకేం కావాలి అనుకుని "చెరువుకి పనికొస్తుంది" అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితాన్ని నమ్మి ఆయన అప్పు చేసి పొక్లెయిన్ తెచ్చి చైత్రం, వైశాఖాల్లో ఎకరంన్నర తవ్వించాడు. జ్యేష్ఠంలో నీళ్లు పెట్టి వనామీ రొయ్య పిల్ల వదిలాడు. ఆషాఢంలో రెండు పెద్ద వానలు పడ్డాయి. రెండో వాన తర్వాత మూడో రోజు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "ఒకసారి రా బాబూ" అన్నాడంతే.

ముందు ఆ నేల గురించి చెప్పాలి. బాహుదా నది సముద్రంలో కలిసే చోట ఒకవైపు ఇసుక దిబ్బ ఉంటుంది, దాని వెనక ఉప్పుటేరు పాయలుగా చీలి లోపలికి వస్తుంది. ఏటి అంచున మడ పొదలు, వాటి వెనక ఎర్రబడిన ఇలకూర, నేలని పాకే వంగరెడ్డి కూర, ఇంకా వెనక్కి వస్తే ఏమీ మొలవని తెల్లటి ఉప్పు పర్ర, ఆ పైన వరి మళ్లు, సరుగుడు తోటలు. రోజూ వచ్చే పోటు మడ పొదల వరకే వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోటు ఇలకూర దాటి పర్ర మీదకి పాకి, వెనక్కి పోయేటప్పుడు ఒక పలచటి ఒండ్రు పొర వదిలిపోతుంది. మావయ్య భూమి మొత్తం రెండున్నర ఎకరాలు, పై ఎకరం పాత వరి మడి, కింది ఎకరంన్నర ఇలకూర పెరిగే పోటు నేల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు సముద్రం ఆ వరి మడి మీదకి కూడా వచ్చింది. ఆ తర్వాత ఆ మడిలో పంట సరిగా పండలేదు. అందుకే రొయ్యల ఆలోచన.

నేను వెళ్లేసరికి చెరువులో నీళ్లు తేటగా ఉన్నాయి. వాన పడిన చెరువు ఎర్రగానో బురదగానో ఉండాలి కదా, ఇది మాత్రం అద్దంలా ఉంది, నాలుగడుగుల లోతులో అడుగు కనిపిస్తోంది, చచ్చిన రొయ్యలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వాటి మొప్పలు తుప్పు రంగులో ఉన్నాయి. నీళ్ల పీహెచ్ 4.3. పిల్ల వదిలిన రోజు 7.9 అని మావయ్య పుస్తకంలో రాసుకున్నాడు.

గట్టు మీదకి ఎక్కాను. తవ్విన నల్ల బురదంతా గట్టుగా పోశారు, రెండు నెలల ఎండకి అది బూడిద రంగులోకి మారి చేయి దూరేంత బీటలు తీసింది. ఒక పెళ్ల విరిచి లోపల చూశాను. పాత వేర్లు ఉన్న సన్నటి గొట్టాల వెంట, పసుపు కొమ్ము విరిస్తే కనిపించే రంగు కాదు, దానికన్నా పాలిపోయిన గడ్డి పసుపు, అక్కడక్కడా పూత పూసినట్టు ఉంది. ఆ మరక చూడగానే నాకు విషయం అర్థమైంది. దాన్ని జారోసైట్ అంటారు, మట్టిలో గంధకామ్లం పుట్టకపోతే ఆ పసుపు రాదు. ఈ ముక్క నాలుగు నెలల ముందే నా బల్ల మీద ఉండాల్సింది.

అక్కడే పీతల కోసం వచ్చిన ఒక జాలరి అమ్మ ఉంది. ఆమె చెప్పింది నా మీటర్ చెప్పినదానికి ఏమీ తీసిపోదు. "గట్టు ఏసిన కాణ్ణుంచి ఈ పక్కకి పీత రాదు బాబూ. వానొచ్చినప్పుడు గట్టు మీంచి జారే నీల్లలో కాలెడితే మంట, పుండు మీద నిమ్మకాయ పిండినట్టుంటాది."

ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో చెరువులు తవ్వేవాళ్లలో చాలామందికి పోటు నేల అంటే ఉప్పు ఒక్కటే సమస్య అని నమ్మకం. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, అంటే గంధకం ఉన్న లవణం. బాహుదా, ఋషికుల్య లాంటి నదులు తూర్పు కనుమల ఎర్రమట్టిని మోసుకొస్తాయి, ఆ ఎరుపంతా ఇనుము. ఇలకూర, గడ్డి, మడ వేర్లు చచ్చి కుళ్లి బురదలో కలుస్తాయి. బురద ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి వేలు లోతు దిగితే చాలు, గాలి అందదు. గాలి లేనిచోట బతికే కొన్ని సూక్ష్మజీవులు ఆ కుళ్లిన వేర్లని తింటూ, ఆక్సిజన్ బదులు సల్ఫేట్‌ని వాడుకుని, దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి. పోటు బురదలో కాలు దిగబడగానే వచ్చే కుళ్లు గుడ్డు వాసన అదే. ఆ సల్ఫైడ్ ఇనుముతో కలిసి ముందు నల్లటి పదార్థం అవుతుంది, బురదకి ఆ నలుపు దాని వల్లే వస్తుంది. కాలం గడిచేకొద్దీ అది పైరైట్‌గా స్థిరపడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే సీతాఫలం మీద బుడిపెల్లా చిన్న స్ఫటికాలు గుండ్రంగా గుత్తి కట్టి కనిపిస్తాయి. సముద్రం, కొండ, వేరు ఈ మూడూ ఒకచోట కలవాలంటే పోటు నేలని మించిన చోటు లేదు.

నీళ్ల కింద ఉన్నంతకాలం పైరైట్ ఎవరికీ హాని చేయదు. పీహెచ్ ఏడు దగ్గరే ఉంటుంది, నాకు 7.2 వచ్చింది అందుకే. తవ్వి ఎండలో వేశామా, గాలి తగిలి పైరైట్ విచ్చుకుంటుంది, ఇనుము తుప్పుగా మారుతుంది, గంధకం గంధకామ్లం అవుతుంది. పీహెచ్ నాలుగు దిగిందంటే ఈ పనిని జోరుగా చేసే వేరే సూక్ష్మజీవులు చేరి ఇంకా వేగం పెంచుతాయి. ఆమ్లం బంకమట్టిని కరిగించి అల్యూమినియంని బయటకి లాగుతుంది. నీళ్లలో తేలే సన్నటి మట్టిని ఆ అల్యూమినియం గుత్తులు కట్టించి అడుగుకి దించేస్తుంది, చెరువు అద్దంలా మారేది అప్పుడే. ఎరువుగా వేసిన భాస్వరాన్ని కూడా ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి, అందుకే అలాంటి నీళ్లకి ఆకుపచ్చ రంగు నిలవదు. ఎండాకాలమంతా గట్టులో పోగైన ఆమ్లాన్ని ఆషాఢపు పెద్ద వానలు కడిగి చెరువులోకి దింపాయి.

ఆ రోజే మావయ్య అరుగు మీద పరీక్ష చేసి చూపించాను, ఆయన కళ్లతో ఆయన చూడాలని. చెరువు అంచులో ఇంకా తడిగా ఉన్న నల్ల బురద ఒక చెంచాడు గాజు గ్లాసులో వేసి, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాను. దుకాణంలో దొరికే పెరాక్సైడ్ నిల్వ ఉండటానికి కాస్త ఆమ్లంగానే ఉంటుంది, కాబట్టి దాని పీహెచ్‌ని ముందే ఐదు దగ్గరకి సరిచేసుకోవాలి, లేకపోతే పరీక్ష అబద్ధం చెబుతుంది. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత సన్నగా సెగ మొదలై, గ్లాసు వేడెక్కి, పాలు పొంగినట్టు నురగ పొంగి అరుగు మీదకి కారింది. చల్లారాక మీటర్ పెడితే 2.1. పీహెచ్ మూడు కన్నా కిందకి దిగి, ఇంతలా పొంగిందంటే సల్ఫైడ్ ఉన్నట్టే. ఒక్క జాగ్రత్త ఉంది, కుళ్లిన వేర్లు ఎక్కువున్న బురద కూడా పెరాక్సైడ్‌తో నురగ కక్కుతుంది, కాబట్టి నురగ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

ఖాయం చేసుకోవడానికి నెమ్మది పరీక్ష ఒకటి ఉంది, దానికి పరికరాలే అక్కర్లేదు. బురదని సెంటీమీటరు మందంలో పరిచి, గాలి ఆడేలా, పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడూ నీళ్లు చిలకరిస్తూ ఎనిమిది వారాలకి తక్కువ కాకుండా ఉంచి, వారం వారం పీహెచ్ రాసుకోవడమే. చెరువు పక్కన తవ్వని చోట నుంచి పీవీసీ పైపు దింపి తీసిన మట్టితో ఇది చేశాను. ఆ మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నెయ్యిలా జారి చెయ్యి ఖాళీ అయిపోతుంది, అంత పచ్చి నేల, ఒక్కసారి కూడా ఎండి ఎరగనిది. మొదటి రోజు 7.1, ఎనిమిదో వారానికి 3.4. ఒక మూల నుంచి తీసిన నమూనా మాత్రం 6.5 దగ్గరే ఆగిపోయింది. ఆ మూలలో గుల్లలు దండిగా ఉన్నాయి, గుల్ల అంటే సున్నమే కదా, పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే తినేసింది. ఆ వైపు గట్టు బీటల్లో సూదుల్లా మెరిసే స్ఫటికాలు కనిపించాయి, మావయ్య ఉప్పు అనుకుని నాలుక మీద వేసుకుంటే ఉప్పగా లేదు. అది జిప్సం, గుల్లలోని కాల్షియం, గంధకామ్లం కలిస్తే తయారయ్యేది. ఎకరంన్నరలో ఒకే చోట ఒక సంచి మట్టి తీసి భూమంతా ఇంతే అనడం ఎంత తప్పో ఆ మూల చూస్తే తెలుస్తుంది.

ఇక మందు. నేను వెళ్లకముందే మావయ్య మేత అమ్మేవాళ్ల మాట విని చెరువులో సున్నం బస్తాలు బస్తాలు పోశాడు. పోసిన రోజు పీహెచ్ ఏడుకి ఎక్కేది, వాన పడగానే మళ్లీ నాలుగు. ఆమ్లం పుట్టేది గట్టులో, మందు వేసేది నీళ్లలో, ఎలా తగ్గుతుంది? పోనీ మట్టికే సున్నం పెడదామా అంటే లెక్క వేసి చూడండి. ఒక కిలో పైరైట్ గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని విరవడానికి మూడు కిలోల పైన సున్నపురాయి పొడి కావాలి. మట్టిలో గంధకం 1 శాతం ఉందనుకుంటే, ఎకరం నేలలో అడుగు లోతు మట్టికి సుమారు 30 టన్నులు. నిజంగా వేసేటప్పుడు పొడి అంతా మట్టితో కలవదు కాబట్టి ఇంకా ఎక్కువే వేయాలి. రెండు లారీల సున్నపు పొడి ఒక అడుగుకి, కింద ఇంకా నాలుగడుగుల నల్ల బురద. ఆ లెక్క చెప్పినప్పుడు మావయ్య చాలాసేపు మాట్లాడలేదు.

"మరి చెరువు ఒదిలేయమంటావా?" అని అడిగాడు. ఒదిలేయమన్నాను. పరీక్ష కాగితం ఇచ్చినవాణ్ణి నేనే కాబట్టి ఆ మాట అనడం నాకు చాలా కష్టమైంది, కానీ ఇంకో పంటకి అప్పు తెమ్మని చెప్పడం అంతకన్నా ఘోరం. ఇంకో మాట కూడా చెప్పాను. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో 2011 నోటిఫికేషన్ ప్రకారమైనా 2019 ప్రకారమైనా ఉప్పు చిత్తడి నేలలు అన్నిటికన్నా కట్టుదిట్టంగా కాపాడాల్సిన మొదటి వర్గంలో ఉన్నాయి. కింది ఎకరంన్నర అలాంటి నేలే. మట్టి పరీక్ష చేసేవాడు ఆ సంగతి కూడా మొదటి రోజే చెప్పాలి. నేను చెప్పలేదు.

మేం చేసింది పోటుని తిరిగి లోపలికి రానివ్వడం. వినడానికి గట్టు కొట్టేస్తే సరిపోతుంది అనిపిస్తుంది గానీ, అలా కొట్టేస్తే గట్టులో ఉన్న ఆమ్లం, ఇనుము ఒక్కసారిగా ఉప్పుటేట్లోకి పోయి, అక్కడి చేప పిల్లలు, పీతలు చస్తాయి, దాని మీద బతికే ఆ జాలరి కుటుంబాల కడుపు కొట్టినట్టవుతుంది. అందుకని వానాకాలం అంతా చెరువు నీళ్లు బయటకి పోనివ్వకుండా ఆపి, సున్నంతో విరిచి పెట్టాం. గట్టు పైపొర, పసుపు పట్టి ఆమ్లం ఎక్కినంత మందం, చెక్కి విడిగా పోసి సున్నం కలిపి ఆరు వారాలు ఉంచాం. సున్నం పెట్టాలంటే ఇంత కొంచెం మట్టికి పెట్టగలం, ఎకరాలకి కాదు. గట్టు లోపలి భాగంలో ఇంకా నల్లగా, తడిగా ఉన్న మట్టిని మాత్రం పొక్లెయిన్‌తో తిరిగి గుంటలోకే తోసి నీళ్ల కింద పెట్టేశాం. గాలి తగలకముందు ఎక్కడుందో అక్కడికే. విరవని పసుపు మట్టిని దానితో కలిపి తోయకూడదు, అందులో కరిగి ఉన్న ఇనుము నీళ్ల అడుగున కూడా కొత్త పైరైట్‌ని విప్పగలదు.

మాఘంలో, నదిలో మంచినీళ్లు తగ్గి ఏట్లో సముద్రపు నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, ముందుగా గట్టులో రెండు ఎనిమిదంగుళాల పైపులు వేశాం. సముద్రపు నీళ్లకి తనదంటూ క్షారత ఉంటుంది, లీటరుకి దాదాపు 115 మిల్లీగ్రాముల సున్నపురాయికి సమానం. చూడటానికి చాలా తక్కువ, కానీ రోజుకి రెండు పోట్లు, నెలకి అరవై, అదీ పైసా ఖర్చు లేకుండా. పాటు తీసేటప్పుడు, అంటే పోటు వెనక్కి పోయేటప్పుడు, బయటకి వచ్చే నీళ్ల పీహెచ్ ప్రతిరోజూ ఆ జాలరి అమ్మ కొడుకే కాగితం పట్టీతో చూసి నాకు ఫోన్‌లో చెప్పేవాడు. మొదటి వారం ఆరు దగ్గర ఉండేది, ఆరు దిగితే పైపు మూసేయమని చెప్పాను, రెండు మూడుసార్లు మూశాడు కూడా. నెలన్నరకి ఆరున్నర దాటి నిలబడ్డాక ఒక పౌర్ణమి పోటు ముందు రోజు మూడు మీటర్ల వెడల్పున గట్టు తెంచాం.

పై ఎకరం వరి మడిది వేరే కథ, త్వరగా చెబుతాను. అక్కడ పైరైట్ లేదు. ఫైలిన్ నాటి ఉప్పుని వానలు ఎప్పుడో కడిగేశాయి, మన గంజాంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది కదా. ఉప్పు పోయింది గానీ బంకమట్టిని అంటుకున్న సోడియం పోలేదు. ఉప్పు ఉన్నన్నాళ్లూ మట్టి రేణువులు గుత్తులుగా ఉంటాయి, ఉప్పు కడిగేసి సోడియం మిగిలితే విడిపోయి, వాన పడితే జిగురు, ఎండితే చట్టు. నాగలి దిగదు, నీరు దిగదు. దానికి జిప్సం వేసి నీళ్లు కట్టి, కటక్‌లోని వరి పరిశోధన సంస్థ ఉప్పు నేలల కోసం తెచ్చిన లుణ సువర్ణ అనే వరి రకం వేశాడు మావయ్య. లుణ అంటే ఒడియాలో ఉప్పే. మొదటి ఖరీఫ్‌లో పంట పలచగా వచ్చింది, రెండో ఏడు ఇంటికి గింజలు మిగిలాయి. అప్పు తీరడానికి అది చాలదు. పొక్లెయిన్ ఖర్చులో సగం నేను భరించాను, అది నా బాధ్యత కాబట్టి.

గట్టు తెంచి ఇప్పటికి రెండేళ్లు నిండాయి. లోపలి నేల బయటి పర్ర కన్నా జానెడు కిందకి కుంగి ఉండేది, ఎండి కుదించుకుపోయినందువల్ల, తవ్వకం వల్ల కూడా. ఇప్పుడు పెద్ద పోటు ప్రతిసారీ కొంచెం ఒండ్రు దించుతోంది, నాటిన వెదురు కర్ర మీద గీత పెట్టి చూస్తే రెండేళ్లలో రెండు వేళ్ల మందం పెరిగింది. అంచుల్లో వంగరెడ్డి కూర మొదట పాకింది, తర్వాత ఇలకూర. మేం ఏదీ నాటలేదు, విత్తనం పోటే తెచ్చుకుంది. పైపొర పీహెచ్ 6.6. అడుగున్నర కింద అక్కడక్కడా ఇంకా 4.5 ఉంది, అక్కడ జారోసైట్ మెల్లగా కరుగుతూ ఆమ్లం వదులుతూనే ఉంటుంది, అది తగ్గడానికి ఏళ్లు పడుతుంది. తేట నీళ్లు మళ్లీ కనపడలేదు. పోయిన కార్తీకంలో వెళ్తే తెంచిన గండి దగ్గర జాలరి అమ్మ వల వేసుకుని కూర్చుని ఉంది, బుట్టలో నాలుగు మండ పీతలు ఉన్నాయి, రెండు నా చేతిలో పెట్టింది.

పోటు నేల మట్టి ఎవరు తెచ్చినా ఇప్పుడు నేను అదే రోజు కాగితం ఇవ్వను. మట్టి తెచ్చే పద్ధతి కూడా ముందే చెబుతున్నాను, గాలి తగలకుండా రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి, ఐస్ పెట్టెలో, అడుగుకి ఒకటి చొప్పున. పోయిన నెల ఇటువైపు ఊరి కుర్రాడొకడు నల్ల బురద తెచ్చాడు, తీసుకొచ్చింది మావయ్యే. పెరాక్సైడ్ పోస్తే గ్లాసు పొంగింది. ఎనిమిది వారాలు ఆగమన్నాను. పొక్లెయిన్‌కి అడ్వాన్స్ ఇచ్చేశానని ఆ కుర్రాడు గొడవ పెడితే, "అడ్వాన్సే కదా పోయేది, కూకో" అని మావయ్యే కసిరాడు. ఆ బురద ఇప్పుడు నా కిటికీ దగ్గర పళ్లెంలో పరిచి ఉంది. ఇవాళ్టికి నాలుగో వారం. మొదటి రోజు 7.3, ఈ ఉదయం 4.8.